పెద్దమ్మకు దొరికిన ఐదో మాట

ఆ రోజుల్లో మా పుంగనూరు చర్చి సంఘంలో వినయానికి ఉన్నంత పోటీ మదనపల్లె మార్కెట్లో టమోటాకు కూడా ఉండేది కాదు. టమోటా సంగతి నేను సాధికారంగానే చెప్పగలను. అప్పుడు నేను మదనపల్లెలో ఓ దినపత్రికకు కొత్తగా చేరిన విలేకరిని. పొద్దున్నే మార్కెట్ యార్డుకు వెళ్లి ధర రాసుకురావడం నా ఉద్యోగంలో సగం. ఆ ధర జిల్లా పేజీలో తప్పుగా అచ్చయితే రైతుల చేత తిట్లు తినడం మిగతా సగం. ఆదివారం వస్తే బస్సెక్కి పుంగనూరు పోయేవాణ్ణి. ఆరాధనకు పోతున్నానని అమ్మతో చెప్పేవాణ్ణి. పెద్దమ్మ చేతి కోడికూర కోసం పోతున్నానని అమ్మకు తెలుసు. మా చర్చిలో మొదటి బెంచీ ఎప్పుడూ ఖాళీగా ఉండేది. అందులో కూర్చోవడమంటే తనను తాను హెచ్చించుకోవడమేనని అందరికీ గట్టి నమ్మకం. ఆలస్యంగా వచ్చినవాళ్లు తలుపు దగ్గర ఎండలో నిలబడేవాళ్లే తప్ప ఆ బెంచీ వైపు చూసేవాళ్లు కారు. (ఒకసారి రామసముద్రం నుంచి వచ్చిన చుట్టమొకాయన తెలియక అందులో కూర్చున్నాడు. ఆ వారం ఉపవాస కూడికలో ఆయన ఆత్మ కోసం ప్రార్థన చేశారు.)

ఎవరినైనా ప్రార్థన చెయ్యమనో, రెండు మాటలు చెప్పమనో పిలిస్తే వెంటనే లేవడం మావాళ్లలో లేదు. మొదటిసారి అడిగినప్పుడు "అయ్యో, నేనా? నాకేమొచ్చు?" అనాలి. మళ్లీ అడిగితే "నాకంటే యోగ్యులుండారు కదప్పా" అని పక్కవాళ్లను చూపించాలి. ఇంకా పట్టుబడితే అప్పుడు తల వంచుకుని, బలిపీఠానికి పోయే గొర్రెపిల్లలాగా లేచి, జేబులోంచి మడతలు పెట్టుకున్న కాగితం తీయాలి. ఆ కాగితం ముందు వారం నుంచే సిద్ధంగా ఉంటుందని అందరికీ తెలుసు. దానివల్ల ఎవరి వినయానికీ లోటు వచ్చేది కాదు.

ఈ విద్యలో మా సంఘానికి పెద్దదిక్కు ధూళి మాస్టారు. రిటైరైన టీచరు. ఏం మాట్లాడినా "నేను ధూళినప్పా, వట్టి ధూళిని" అని మొదలుపెట్టేవాడు, ఆ ధూళి అణగడానికి గంట పట్టేది. ఆయనకు పోటీ రెండు నిమిషాల మామ. బస్సు కండక్టరుగా పనిచేసి దిగిపోయిన మనిషి. "రెండే రెండు నిమిషాలు" అని లేచి, పుంగనూరులో ఎక్కించిన జనాన్ని చౌడేపల్లె, సోమల మీదుగా ఎక్కడెక్కడో తిప్పి, దిగాల్సిన స్టాపులు దాటించి దించేవాడు. ఇక ఆడవాళ్లలో ఆమేన్ అత్త. ఎవరు ఏది చెప్పినా వాక్యం పూర్తి కాకముందే "ఆమేన్" అనేది. ఆమె ఆమేన్ అన్నాక ఆ మాట రిజిస్టరైపోయినట్టే, వెనక్కి తీసుకోవడానికి లేదు.

వీళ్ల వినయమంతా ఏటా ఒక్కచోట బయటపడేది. శుభ శుక్రవారం ఆరాధనలో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడటం మా దగ్గర ఆనవాయితీ. మధ్యాహ్నం పన్నెండుకు మొదలై, మూడు గంటలకు చర్చి గంట కొట్టడంతో ముగుస్తుంది. మూడింటికి ప్రభువు ప్రాణం విడిచాడు కాబట్టి గంట మోగగానే అందరూ మోకాళ్ల మీద పడతారు, తర్వాత ఒకరితో ఒకరు మాట్లాడకుండా ఇళ్లకు పోతారు. ఏడు మాటల్లోకీ ఐదోది చిన్నది. దాహం అవుతోందన్న మాట. చిన్నది కాబట్టి అది అందరికంటే అల్పుడికి చెందాలని చెప్పి, ధూళి మాస్టారు ఎన్నో ఏళ్లుగా దాన్ని ఎవరికీ పోనివ్వకుండా తన దగ్గరే పెట్టుకున్నాడు.

ఆ ఐదో మాట మీద ఇంకొకరి మనసు కూడా ఉందని నాకొక్కడికే తెలుసు. ఆ మనిషి మా పెద్దమ్మ.

పెద్దమ్మ మదనపల్లెలో ఓ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసింది. పెదనాన్న పోయాక పుంగనూరులోనే ఒక్కతే ఉండేది. పిల్లల్లేరు. ఏడాదికోసారి, అప్పుడు చర్చికి పాస్టరుగా ఉన్న అయ్యగారెవరో ఒకరు "నువ్వు కూడా ఏదైనా ఒక మాట తీసుకోకూడదామ్మా" అనేవారు. ఆమె పద్ధతి ప్రకారం "నాకేమొచ్చయ్యా" అని తల దించుకుని, రెండోసారి అడగడం కోసం ఎదురుచూసేది. రెండోసారి అడగడం పెద్దలకు చేసే మర్యాద. ఆయాలకు కాదు. అయ్యగారు పక్క బెంచీకి వెళ్లిపోయేవారు. ఇట్లా ఎన్నేళ్లు ఎదురుచూసిందో ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

ఆ ఏడు చలికాలంలో ఆమె గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం తాగింది, ఉప్పునీళ్లు పుక్కిలించింది, తగ్గలేదు. మాకు అప్పుడే కొత్తగా కుప్పం నుంచి ఒక అయ్యగారు వచ్చి ఉన్నారు. వయసులో చిన్నవారు. ఆయనకు కుప్పంలో తెలిసిన డాక్టరు ఉండటంతో అక్కడికి తీసుకెళ్లాం. స్వరపేటికలో గడ్డ ఉందనీ, అది మంచి గడ్డ కాదనీ, పేటికను తీసేస్తే మనిషి దక్కవచ్చుననీ, గొంతు మాత్రం దక్కదనీ డాక్టరు చెప్పాడు. ఈస్టరు దాటాక ఆపరేషను అన్నారు. మెడ కింద ఒక రంధ్రం పెడతారట, ఊపిరి అందులోంచి. తిరుగు బస్సులో నేను ఏడుపు ఆపుకుంటూ ఉంటే పెద్దమ్మ చింతపండు ధర అడిగింది.

మరుసటి ఆదివారం, భోజనమయ్యాక, ఉలవలు చెరుగుతూ ఆమే మొదలుపెట్టింది.

"రేయ్ అబ్బోడా, ఈస్టరయినాక నాకు మాట ఉండదంట."

"ప్రాణం ఉంటుంది కదా పెద్దమ్మా."

"ప్రాణముంటే ఏం జేసుకునేదిరా? నీకు సంగటి గెలికేదానికా?" అని నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక, "చర్చిలో ఆ బల్ల కాడ నిలబడి ఒగసారి మాట్లాడల్లని ఉండాది. దాహం మాట. అంతే, ఇంగేం వద్దు" అంది.

దాహం మాటే ఎందుకని అడిగాను.

"ఆపరేషనయినోళ్లకి నీళ్లీకూడదు గదా. వాళ్లేమో నా కొంగు పట్టుకోని, అమ్మా ఒగ సుక్క, ఒగ సుక్క అంటారు. నేను తడిగుడ్డతో పెదాలు తుడిసి, ఇంగ కాసేపట్లో ఇస్తారు నాయనా, ఇంగ కాసేపట్లో అని అబద్ధం సెప్తా ఉంటి. కొందురికి ఆ కాసేపు రాకనే పాయ. ఇప్పుడు నా వంతు వచ్చింది. నాకెవురు సెప్తారో ఆ అబద్ధం." ఉలవల్లో రాయి ఏరి పారేసింది. "దాన్ని గురించి సెప్పల్ల. గొంతు ఉండంగానే."

"నేను అయ్యగారితో చెప్తాను పెద్దమ్మా, అదెంత పని."

"సెప్పినావంటే కాళ్లిరగ్గొడతా. అడుక్కోని తెచ్చుకుంటే అది మాట గాదురా, భిక్షం. వాళ్లంతట వాళ్లు అడగల్ల. అడిగినాక నేను వద్దనల్ల. వద్దన్నాక మళ్లా అడగల్ల."

చావు ముంచుకొస్తున్నా పద్ధతి తప్పని మనిషి. ఇక ఆ పని పద్ధతి ప్రకారమే జరిపించాల్సిన బాధ్యత నా మీద పడింది. నాకు పత్రిక నేర్పిన విద్య ఒక్కటే. తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పడం.

ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమకాలం మొదట్లో ఒక ఆదివారం, ఆరాధనయ్యాక మాటలు పంచుకునే కూడిక పెట్టారు. లోపలికి పోతున్న ధూళి మాస్టారును నలుగురూ వినేట్టు పలకరించాను.

"వందనాలు మాస్టారూ! ఈసారి ఐదో మాటను మీరు ఎవరికో వదిలేస్తున్నారట కదా. అంతా మీ త్యాగం గురించే చెప్పుకుంటున్నారు."

మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఎవురప్పా చెప్పింది?"

"విశ్వసనీయ వర్గాలు."

కాదంటే గర్వం. అవునంటే మాట పోతుంది. ఆయన ముఖం మీద ధూళికి కూడా ఒక విలువ ఉందన్న బాధ స్పష్టంగా కనిపించింది. ఈలోగా వెనకనుంచి ఆమేన్ అత్త, ఏ సంగతో పూర్తిగా వినకుండానే, "ఆమేన్!" అంది. అయిపోయింది. మాస్టారు కళ్లు మూసుకుని, "నేను ధూళిని. ధూళికి మాటెందుకు" అన్నాడు. ఆ మీదట నిట్టూర్చి, "అయితే నాలుగోది ఎవురూ తీసుకోకపోతే, మీ బలవంతం మీద..." అన్నాడు. అప్పటికింకా ఎవరూ బలవంతం చెయ్యలేదు.

కూడికలో కుప్పం అయ్యగారు వరసగా మాటలు పంచుకుంటూ వచ్చారు. ప్రతి మాటకూ వద్దనడాలు, బతిమలాడటాలు జరిగేసరికి పొద్దు వాలింది. ఐదోది వచ్చేసరికి ఆయనకే తోచి, "పెద్దమ్మగారూ, మీరు తీసుకుంటారామా?" అన్నారు. పెద్దమ్మ తల దించుకుని, బొంగురు గొంతుతో, "నాకేమొచ్చయ్యా" అంది.

"సరేమా, ఆరోగ్యం బాగలేదు కదా, బలవంతం లేదు" అన్నారు అయ్యగారు. నిజంగా దయతోనే అన్నారు. ఆయన ఊళ్లో వద్దంటే వద్దనే అర్థం కాబోలు. ఆయన చూపు పక్క బెంచీకి పోతోంది. నేను దగ్గాను, కాలితో బెంచీని తన్నాను, లాభం లేకపోయింది. పెద్దమ్మ చీర కొంగును వేలికి చుట్టుకుంటూ నేలనే చూస్తోంది.

అప్పుడు రెండు నిమిషాల మామ లేచాడు. ఆయనకు పెద్దమ్మ మీద ప్రత్యేకమైన అభిమానమేమీ లేదు. ఐదో మాట ఖాళీగా మిగిలితే అది తిరిగి మాస్టారు ఒడిలోకే పోతుందని, అప్పుడు ఆయన ఒక్కడే రెండు మాటలు మాట్లాడతాడనీ ఆయనకు భయం పట్టుకున్నట్టుంది.

"అయ్యగారూ, మీ కుప్పంలో ఎట్లనో నాకు తెలీదు గానీ, మా పుంగనూర్లో మనిషి వద్దంటే ఇంగోసారి అడుగుతారు. అడగండి."

అయ్యగారు తెల్లబోయి అడిగారు. పెద్దమ్మ, "నాకంటే యోగ్యులుండారు కదయ్యా" అంది. ఆ వాక్యం ఆమె నోట అదే మొదటిసారి. అంత దాకా ఆమెను ఎవరూ రానివ్వలేదు కదా.

"ఇంగోసారి" అన్నాడు మామ, టికెట్టు కొట్టినంత నిక్కచ్చిగా.

అయ్యగారు మళ్లీ అడిగారు. పెద్దమ్మ ఏదో అనబోయింది. గొంతు పెగల్లేదు. తల ఊపింది. ఆమేన్ అత్త రిజిస్టరు చేసింది.

ఇక అక్కణ్ణుంచి శుభ శుక్రవారం దాకా ఆమెను ప్రోత్సహించే కార్యక్రమం మొదలైంది. మా సంఘంలో వినయం తర్వాత అంత జోరుగా సాగేది ప్రోత్సాహమే. సాయంత్రమైతే చాలు, బ్రెడ్డు ప్యాకెట్టో హార్లిక్సు సీసానో పట్టుకుని గుంపుగా వచ్చేవాళ్లు. గొంతుకు విశ్రాంతి ఇవ్వమని డాక్టరు చెప్పాడు. ఆ ఒక్క విషయంలో వాళ్లు ఆమెకు పూర్తిగా సహకరించారు. ఒక్క మాట మాట్లాడనివ్వలేదు.

"ధైర్యంగా ఉండు వదినా" అనేది ఆమేన్ అత్త. "మా బావమరిదికీ అచ్చం ఇట్లనే. గొంతులోనే. చౌడేపల్లెలో."

"ఇప్పుడెట్ల ఉండాడు?" అని పెద్దమ్మ అడిగేది.

"పాయ. కానీ శానా నెమ్మదిగా పాయలే. కష్టం లేకుండా."

ధూళి మాస్టారు వచ్చి, తాను ఐదో మాటను ఎట్లా త్యాగం చేసిందీ చెప్పి, ఆ మాట మీద ఏమేం మాట్లాడాలో ఆమెకు పాఠంలాగా చెప్పేవాడు. తంబళ్లపల్లె వైపు నుంచి వచ్చిన ఒక బంధువు, వాళ్లూళ్లో బోర్లు ఎండిపోయిన సంగతి, గొర్రెలను అమ్ముకున్న సంగతి చెప్పి, చివర్లో "నీ బాధ ఏపాటిది లేమ్మా" అని ఓదార్చేవాడు. (ఓదార్పులో ఇతరుల కష్టాన్ని మన కష్టం పక్కన పెట్టి తూకం వెయ్యడం మా సీమలో మామూలే. ఎప్పుడూ అవతలి తక్కెడే బరువు.) వచ్చిన అందరికీ పెద్దమ్మ టీ పెట్టేది. పుంగనూరులో ఆ వేసవిలో నీళ్లకు కటకట. వీధి చివర ట్యాంకరు వచ్చిన రోజే బిందెలు నిండేవి. వద్దని నేనంటే, "ధైర్యం సెప్పేదానికి వచ్చినోళ్లని ఒట్టి గొంతుతో పంపిస్తామా" అనేది. వాళ్లు పోయాక గోడకు చేరబడి కూర్చునేది. రోజురోజుకూ గొంతు సన్నబడుతోంది. నాతో చెప్పాలనుకున్న సంగతులు కూడా సగంలో వదిలేసి, "పోనీలే, శుక్రవారానికి మిగలనీ" అనేది. గొంతును పొదుపు చేసుకుంటోంది. ఒక్క పూట ఖర్చు చెయ్యడానికి.

శుక్రవారం రానే వచ్చింది. ఎండకు రేకుల పైకప్పు పేలాలు వేయించే మూకుడైంది. అందరూ తెల్లబట్టలు. పన్నెండుకు కరెంటు పోయింది, ఫ్యాన్లతో పాటు మైకు కూడా. నేను మొదటి బెంచీకి దగ్గరగా (అందులో కాదు, నాకూ భయమే) కూర్చుని, పెద్దమ్మ మాటను పట్టుకుందామని ఫోన్లో రికార్డింగు పెట్టుకున్నాను. కొత్తగా కొన్న ఫోను. దాన్ని ఛాతీ జేబులో పెట్టుకున్నాను.

అయ్యగారు మొదటి మాటను క్లుప్తంగా ముగించారు. రెండో మాట మాట్లాడినాయన తన అయోగ్యతను వివరంగా చెప్పాడు. మూడో మాటలో ఆమేన్ అత్త తల్లుల కన్నీళ్ల గురించి మాట్లాడుతూ నిజంగా ఏడ్చింది, ఆమెతో పాటు అందరూ ఏడ్చారు. నాలుగో మాటకు ధూళి మాస్టారు లేచాడు. దేవుడు చెయ్యి విడిచినట్టు అనిపించిన ఆ మాట గురించి మాట్లాడే ముందు, తాను ఐదో మాటను విడిచిన సంగతి చెప్పడం అవసరమనుకున్నాడు. ఐదో మాటతో తనకున్న అనుబంధం, మొదటిసారి దాన్ని ఎవరిచ్చారు, ఏయే ఏట ఏం మాట్లాడాడు, విడిచిపెడుతున్నప్పుడు రాత్రంతా ఎట్లా పెనుగులాడాడు, అన్నీ చెప్పాడు. అన్నీ చెప్పి, "ఇంతకీ నేను ధూళిని" అని మళ్లీ మొదటికొచ్చాడు. గోడ గడియారంలో పెద్దముల్లు పైకి ఎక్కుతోంది. గంట కొట్టే ముసలాయనకు చెవుడు. ఆయన గడియారాన్ని తప్ప ఎవరినీ ఖాతరు చెయ్యడు. అప్పటికే తాడు పట్టుకుని నిలబడ్డాడు. పెద్దమ్మ చేతిలో తడిగుడ్డ ముక్క ఒకటి ఉంది. చూపించడానికి తెచ్చుకున్నట్టుంది. ఆ వేడికి అది ఎండిపోయింది. ఆమె దాన్ని మడత పెడుతూ విప్పుతూ ఉంది.

మాస్టారు కూర్చునేసరికి మూడుకు కొద్ది నిమిషాలే ఉన్నాయి. ఇంకా మూడు మాటలున్నాయి. అయ్యగారు లేచి, నెమ్మదిగా, "సమయం దాటుతోంది కాబట్టి మిగతా మాటలను కలిపి ఒకే ప్రార్థనతో..." అన్నారు. పెద్దమ్మ తల ఊపింది. బతుకంతా ఊపిన తలే. లేచి అరుద్దామనుకున్నాను. లేవలేదు.

"అయ్యగారూ." వెనక బెంచీల్లోంచి రెండు నిమిషాల మామ లేచి నిలబడ్డాడు. ఆరో మాట, 'సమాప్తమైనది' అన్నది, ఆయనది. కొత్త చొక్కా వేసుకొచ్చాడు, జేబులో కాగితాల లావు బయటికి కనిపిస్తోంది. "ఆరో మాటయితే నాది. నాదింగ అయిపాయ. ఆ యమ్మని మాట్లాడనీండి." అని కూర్చున్నాడు. ఆయన జీవితంలో రెండు నిమిషాల్లోపల ముగించిన ప్రసంగం అదొక్కటే.

పెద్దమ్మ బల్ల దగ్గరికి పోయింది. మైకు లేదు. ఫ్యాన్లు కూడా లేవు కాబట్టి చప్పుడు లేదు. నోరు తెరిచింది. మొదట గాలి వచ్చింది, ఆ తర్వాత గరగర, ఆ తర్వాత మాట.

"ఆపరేషనయినోళ్లకి..." అని మొదలుపెట్టి ఆగింది. గొంతు తెగింది. ఎంగిలి మింగి మళ్లీ ప్రయత్నించింది. ఆ మాటే రాలేదు. అది పెద్ద సంగతి, అంత దూరం నడిచే గొంతు ఆమెకు మిగల్లేదు. అది ఆమెకు అర్థమైన క్షణం నేను చూశాను. చేతిలోని గుడ్డను బల్ల మీద పెట్టేసింది. మమ్మల్నందరినీ, ఒక్కొక్కరినే, వడ్డించబోయే ముందు పంక్తిని చూసినట్టు చూసింది.

"నాకు దాహం మాటిచ్చినారు" అంది. "ఈ నెలంతా మీరు దినామూ మా యింటికొచ్చి ధైర్యం సెప్పినారు. సెప్పినోళ్లకందరికీ టీ పెడితి." ఊపిరి తీసుకుంది. "ట్యాంకరు నీళ్లన్నీ మీ ధైర్యానికే అయిపాయ. ఇంట్లో సుక్క లేదు. పొద్దన్నుంచి నిజంగానే దాహమయితాండాది."

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. శుభ శుక్రవారం నాడు, సిలువ ముందు, గొంతులో చావును పెట్టుకున్న మనిషి హాస్యమాడిందని నమ్మడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. మొదట నవ్వింది ఎవరో తెలియదు. మాస్టారే అని కొందరంటారు. ఆ తర్వాత ఆగలేదు. మూడు గంటలసేపు ఎండలో, ఏడుపులో బిగపట్టుకున్నదంతా తెగిపోయింది. ఆమేన్ అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. అయ్యగారు బైబిలు వెనక ముఖం దాచుకున్నారు. ఆ నవ్వు మధ్యలో పెద్దమ్మ, తానూ నవ్వుతూ, ఇంకొక వాక్యం చెప్పింది. పెదాలు కదలడం చూశాను. అంతలో గంట మోగింది.

అందరం మోకాళ్ల మీద పడ్డాం. నవ్వు ఏడుపైంది. తర్వాత, ఆనవాయితీ ప్రకారం, ఎవరూ ఎవరితోనూ మాట్లాడకుండా ఇళ్లకు పోయాం. అయితే ఆ సాయంత్రం పెద్దమ్మ ఇంటి గుమ్మం ముందు ఎవరెవరో చప్పుడు చెయ్యకుండా పెట్టిపోయిన నీళ్ల బిందెలు వరసగా ఉన్నాయి. వాటిలో ఒకటి ధూళి మాస్టారింటిదని మూత మీది పేరు చెబుతోంది. మిగిలినవి ఎవరివో తెలియదు.

ఆ మాటతోనే ఆమె గొంతు సరి. శనివారం నుంచి గాలి తప్ప శబ్దం లేదు. ఈస్టరు దాటాక కుప్పంలో ఆపరేషను జరిగింది. స్పృహ వచ్చాక నీళ్లు ఇవ్వకూడదన్నారు. ఆమె నా చొక్కా పట్టుకుంది. నేను తడిగుడ్డతో పెదాలు తుడిచి, ఇంకాసేపట్లో ఇస్తారు పెద్దమ్మా, ఇంకాసేపట్లో, అన్నాను. ఆమె కళ్లతో నవ్వింది.

ఆ చివరి వాక్యం ఏమిటన్నది మాత్రం మా సంఘంలో ఎన్నేళ్లయినా తేలలేదు. "మాస్టారు త్యాగం వల్లనే" అనిందని మాస్టారు సాక్ష్యమిస్తాడు. "మామ ఇచ్చిన రెండు నిమిషాలకు రుణపడి ఉండాను" అనిందని మామ. "ఆమేన్ అనింది, నేను పక్కనే ఉండాను కదా" అని అత్త. అయ్యగారు, గంట కొట్టే ముసలాయన వైపు చూస్తూ ఉండి తాను వినలేదని నిజం చెప్పి, అందరి గౌరవమూ పోగొట్టుకున్నారు. ఒకసారి పలకా బలపం ఇచ్చి పెద్దమ్మనే అడిగాను. ఆమె, "నీకేమి వినపడింది?" అని రాసింది. "నేను నవ్వుతా ఉంటి పెద్దమ్మా, వినలేదు" అన్నాను. పలక తుడిచేసి, టీ పెట్టడానికి లేచింది. ఆ తర్వాత రెండేళ్లు బతికింది. గడ్డ మళ్లీ వచ్చింది, ఇంకోచోట. ఆమె భూస్థాపన రోజు మాట్లాడమంటే పెద్దలెవరూ ముందుకు రాలేదు. అది వినయం కాదు. ఎవరికీ గొంతు రాలేదు.

ఆనాటి రికార్డింగు నా దగ్గరుంది. ఫోన్లు మారినా దాన్ని ఒకదాన్నుంచి ఒకదానికి మోసుకుంటూ వచ్చాను. ఏటా శుభ శుక్రవారం సాయంత్రం గది తలుపు వేసుకుని, ఆ చివరి వాక్యం చిక్కుతుందేమోనని చెవికి ఆనించుకుంటాను. మాస్టారి ధూళి అంతా స్పష్టంగా ఉంటుంది. ట్యాంకరు నీళ్ల దాకా పెద్దమ్మ కూడా ఉంటుంది. ఆ తర్వాత ఛాతీ జేబులోని ఫోనుకు అందరికంటే దగ్గరగా ఉన్న గొంతు ఒకటి అన్నిటినీ కప్పేస్తుంది. ఇరవై నాలుగేళ్ల కుర్రాడొకడు పడీ పడీ నవ్వుతుంటాడు. వాడి వెనకెక్కడో ఆమె మాట ఉంది, వాడు తప్పుకోడు. మొదట్లో వాడి మీద కోపమొచ్చేది. నోర్ముయ్యరా అనేవాణ్ణి. ఇప్పుడు జుట్టు నెరిసింది, అట్లా నవ్వి చాలా కాలమైంది, అట్లా నవ్వించే మనిషీ లేదు. దేనికోసం అన్నిసార్లు వింటారని మా ఆవిడ అడిగితే పెద్దమ్మ మాట కోసమని చెబుతాను. అది సగం నిజం. మిగతా సగం, వాడి నవ్వు వినడానికి.